పెంపుడు పాముకు గడ్డకట్టించిన ఎలుకను తినిపించే పద్ధతి

మన నాగుపామును, కొండచిలువను, జెర్రిపోతును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, ఈ సూచనలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదైన బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువ) వంటి విదేశీ జాతులకే వర్తిస్తాయి.

బతికున్న ఎలుక తిరగబడి పామును తీవ్రంగా కొరకగలదు. గడ్డకట్టించినదానితో ఆ భయం లేదు. ఎలుక లావు పాము ఒంట్లోని అతి లావైన చోటును మించకూడదు. ముందురోజు రాత్రి దాన్ని మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, మర్నాడు జిప్ కవర్లో వేసి గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. మైక్రోవేవ్ మాత్రం వాడవద్దు, పైభాగం ఉడికినా లోపల గడ్డ అలాగే మిగిలిపోతుంది. పొట్టను వేలితో నొక్కినప్పుడు గట్టి ముద్ద తగిలితే ఇంకా కరగలేదన్నమాట. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది కనుక, ఎలుకను సుమారు 38 డిగ్రీల వరకు వెచ్చబరిచి, తడి తుడిచి, పొడవాటి పట్టకారుతో తోక మొదలు దగ్గర పట్టుకుని పాము ముందు నెమ్మదిగా కదపండి.

తిన్నాక రెండు రోజులపాటు పామును చేతిలోకి తీసుకోకండి, కక్కేయవచ్చు. పాము ముట్టకపోతే ఎలుకను పారవేయండి. చెన్నై వేసవిలో కరెంటు చాలాసేపు పోయి ఫ్రీజర్‌లోవి కరిగిపోయినా అంతే, మళ్లీ గడ్డకట్టించకూడదు. జబ్బు కలిగించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఫ్రీజర్ చలికి చావదు కనుక వాడిన పాత్రలను వంటసామానుతో కలపకండి, చేతులను సబ్బుతో కడుక్కోండి.