ధ్యానంలో వెలుగులు కనిపిస్తే ఏం చేయాలి?

ధ్యానం నేర్చుకుంటున్నామని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట "ఏమన్నా కనిపించిందా?" అని. లేదని చెబితే ఇంకా కుదరలేదని జాలిపడతారు, ఏదో కనిపించిందంటే చాలు, మూడో కన్ను, కుండలిని, పూర్వజన్మ అంటూ నలుగురూ నాలుగు మాటలు అందుకుంటారు. బౌద్ధ పద్ధతిలో కూర్చోవాలంటే ముందు ఆ ప్రశ్నను పక్కన పెట్టాలి. అలాగని బౌద్ధంలో మహిమల ఊసే లేదు, అంతా పక్కా సైన్సే అనేవాళ్ళనీ నమ్మకండి. పాళీ భాషలో ఉన్న బుద్ధుడి బోధల్లో, అంటే సుత్తాల్లో, గాల్లో ఎగరడం, నీళ్ళ మీద నడవడం, ఎదుటివాడి మనసు చదవడం అన్నీ ఉన్నాయి. కాకపోతే వాటిని ఎక్కడ కూర్చోబెట్టారో చూడాలి.

నలందలో కేవద్ధుడనే గృహస్థు వచ్చి, ఒక భిక్షువు చేత మహిమలు చేయించండి, ఊరు ఊరంతా మీ వెనకే వస్తుంది అంటాడు. బుద్ధుడు ఒప్పుకోడు. నమ్మనివాడు ఇదేదో గాంధారి విద్య అనే మంత్రవిద్య అని కొట్టిపారేస్తాడు, అసలు ఇలాంటివంటేనే నాకు రోత, మనిషికి ఇలా ఆలోచించు, ఇది వదిలెయ్ అని నేర్పడమే నిజమైన మహిమ అంటాడు. రాజగృహంలో ఎత్తున కట్టిన గంధపు చెక్క పాత్రను పిండోల భారద్వాజుడనే భిక్షువు గాల్లోకి లేచి తెచ్చినందుకు బుద్ధుడి చేత తిన్నది చీవాట్లే. ఆ పాత్రను పగలగొట్టి పొడి చేయించి, గృహస్థుల ముందు మహిమలు చూపకూడదని నియమం పెట్టారు.

సరే, కూర్చోవడం సంగతి. పద్మాసనం రాకపోతే బాసింపట్టు, అదీ కష్టమైతే కుర్చీ, నడుము నిటారుగా ఉంటే చాలు. ధ్యానం ఎలా చేయాలో చెప్పే సతిపట్ఠాన సుత్తంలో అడవి, చెట్టు మొదలు, ఖాళీ ఇల్లు అని మూడు చోట్లు చెప్పారు, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకు తలుపు వేసిన గది, సైలెంట్‌లో పెట్టిన ఫోన్. ముక్కు దగ్గర శ్వాస తగిలేచోట మనసు పెట్టండి. శ్వాసను లాగొద్దు, బిగబట్టొద్దు, ప్రాణాయామం ఇది కాదు. పొడవుగా వస్తే పొడవుగా వచ్చిందని, చిన్నగా వస్తే చిన్నగా వచ్చిందని తెలియాలి. అదే సుత్తంలో దీనికి తరిమెన పట్టే పనివాణ్ణి, అంటే కర్రను తిప్పుతూ ఉలితో చెక్కేవాణ్ణి చూపిస్తారు. ఏటికొప్పాకలో లక్క బొమ్మల కర్ర తిప్పేవాళ్ళను చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, ఉలి ఎంత పొడవున సాగుతోందో ఆ చేతికి తెలుస్తూనే ఉంటుంది. మనసు నిలవకపోతే లెక్కపెట్టుకోండి. బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో రాసిన విసుద్ధిమగ్గం అనే సాధన గ్రంథం ప్రకారం లెక్క 5కి తగ్గకూడదు, 10 దాటకూడదు. మొదట్లో పావుగంట చాలు.

అందరికీ వచ్చే అసలు ఇబ్బంది నిద్ర. దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు గానీ, మహిమల్లో అందరికంటే మిన్న అని పేరున్న బుద్ధుడి శిష్యుడు మొగ్గల్లానుడే మగధలో ఒక ఊళ్ళో కూర్చుని కునుకుతుంటే బుద్ధుడు చెప్పిన చిట్కాలు చూడండి: ఏ తలపుతో కునుకు వస్తోందో దాన్ని వదిలెయ్, నేర్చుకున్నది మననం చేసుకో, పైకి వల్లించు, రెండు చెవులూ లాగి ఒళ్ళు రుద్దుకో, లేచి కళ్ళు కడుక్కుని నాలుగు దిక్కులూ, నక్షత్రాలూ చూడు, వెలుగును తలచుకో, అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపు తిరిగి పడుకో, ఎప్పుడు లేవాలో అనుకుని మరీ పడుకో. నాకైతే ఈ వరుసంతటిలో చివరిదే భలే నచ్చుతుంది. ఇందులో మంత్రం గానీ యంత్రం గానీ ఎక్కడన్నా ఉందా?

ఇక వెలుగులు. మనసు కాస్త కుదిరాక కొందరికి నిజంగానే కనిపిస్తాయి, భయపడాల్సింది గానీ పొంగిపోవాల్సింది గానీ లేదు. విసుద్ధిమగ్గం ఈ గుర్తులను వరసపెట్టి చెబుతుంది: ఒకరికి నక్షత్రంలా, ఒకరికి ముత్యాల రాశిలా, ఇంకొకరికి పొగలా, సాలెగూడులా, చంద్రబింబంలా. ఎందుకిన్ని రకాలంటే అది వారివారి సంజ్ఞ నుంచి పుట్టింది కాబట్టి, అంటే ఎవరి మనసు తీరును బట్టి వారికి. బయటినుంచి ఎవరూ పంపలేదన్నమాట. మినుకుమినుకుమంటుంటే దాన్ని గుచ్చిగుచ్చి చూడకండి, రంగేమిటి ఆకారమేమిటి అని ఆరా తీయకండి, 'కనిపిస్తోంది' అని గమనించి మళ్ళీ శ్వాస దగ్గరికి వచ్చేయండి. అది నిలకడగా ఉండిపోయినప్పుడు దాన్నే ఆధారం చేసుకునే పద్ధతి ఉంది గానీ, అది గురువు పక్కన ఉండి చేయాల్సిన పని. ఒళ్ళు తేలికైపోవడం, చేతులు ఉబ్బినట్టుండటం, ఉన్నట్టుండి కన్నీళ్ళు రావడం, వీటికీ ఇదే మందు. కాలు తిమ్మిరెక్కితే మాత్రం అది తిమ్మిరే, గురువు శక్తి మనలోకి దిగే శక్తిపాతం అనుకోకండి.

కనిపించినవన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. లేని సిద్ధి ఉందని తెలిసి చెప్పుకున్న భిక్షువును సంఘం నుంచి పూర్తిగా తీసేస్తారు, నిజంగా ఉన్నా సరే గృహస్థులకు చెప్పుకోవడం తప్పే. గురువును వెతుక్కునేటప్పుడూ ఈ గీటురాయే వాడండి, తన అనుభవాలకు పోస్టర్లు వేసుకునేవారికి దూరంగా ఉండండి.

గట్టిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో ధమ్మఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున అనే ధ్యాన కేంద్రాలు ఉన్నాయి. విపశ్యన నేర్పిన గోయెంకా పద్ధతిలో 10 రోజుల శిబిరాలు, ఫీజు లేదు, పొద్దున్నే 4 గంటలకు గంట కొడతారు, మొదటి 3 రోజులూ శ్వాస తప్ప ఇంకేమీ ఉండదు. దరఖాస్తులో మానసిక సమస్యల గురించి అడుగుతారు, దాచకుండా రాయండి. ఇంట్లో చేస్తున్నా సరే, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా, విడవకుండా టెన్షన్ పట్టుకున్నా అది సాధనలో ఓ మెట్టని ఎవరు చెప్పినా వినకండి. కూర్చోవడం ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి.