సర్వీసు జ్ఞాపకాలు రాయాలంటే ట్రంకు పెట్టె తెరవండి

ఫౌజు నుంచి వచ్చేసిన ప్రతివాడి ఇంట్లోనూ ఒక నల్ల ఇనప ట్రంకు ఉంటుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. నా ట్రంకు మీద ర్యాంకు రెండుసార్లు మారింది. సిగ్నల్‌మన్ అన్న అక్షరాల మీద నల్ల రంగు పూసి నాయక్ అని, దాని మీద మళ్లీ పూసి హవల్దార్ అని రాయించాను. వెలుగు పక్కనుంచి పడితే పాత అక్షరాలు ఇంకా ఉబ్బుగా కనిపిస్తాయి. సర్వీసు గురించి పిల్లల కోసం రాయాలనుకునే సోదరులు ముందు ఆ ట్రంకు ముందు కూర్చోండి. దేశభక్తి గురించి, త్యాగం గురించి మొదటి పేజీ రాస్తే రెండో పేజీ కదలదు. ఆ మాటలు నిజమే, కానీ అవి అందరివీ. మీ ట్రంకులో ఉన్నది మాత్రం మీ ఒక్కరిదే.

నేను 1992లో చేరి, 24 ఏళ్లు పూర్తిచేసి 2016లో వచ్చేశాను. సైన్యంలో ఫోను, వైర్‌లెస్ సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్‌ని, అంటే టెలిఫోన్ తీగలు వేసి బాగుచేసేవాణ్ణి. రాయడం మొదలుపెట్టినప్పుడు ఏ సంఘటన ఏ ఏడాదిదో గుర్తుకు రాక నెల రోజులు ఆగిపోయాను. పోస్టింగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చివరికి దారి చూపించినవి పతకాల రిబ్బన్లు. మీవి తీసి వరసగా పరచండి. సైన్య సేవా పతకం రిబ్బన్‌కు ఉండే క్లాస్పు, అంటే ప్రాంతం పేరున్న చిన్న లోహపు పట్టీ, మీరు ఏ ప్రాంతంలో పనిచేశారో చెబుతుంది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకం 1997 నాటిది. తొమ్మిదేళ్ల దీర్ఘసేవా పతకం, ఇరవై ఏళ్లది, మీరు చేరిన తేదీకి కలిపి చూసుకుంటే సంవత్సరాలు దొరుకుతాయి. ఆపరేషన్ పరాక్రమ్ పతకం ఉంటే 2001 డిసెంబర్ నుంచి 2002 అక్టోబర్ దాకా సరిహద్దులో ఉన్న ఆ పది నెలలు మీకు వేరే గుర్తు చేయనక్కర్లేదు. ఒక్కో రిబ్బన్‌కు ఒక కాగితం పెట్టి, పైన ఏడాది వేసి, ఆ ఏడాది మీరు ఎక్కడ పడుకున్నారో రాయండి. గుడారమా, బంకరా, బ్యారక్‌లో ఎన్నో మంచమా, పక్క మంచం ఎవరిది? పడుకున్న చోటు గుర్తొస్తే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. నా అనుభవంలో ఇంతకంటే బాగా పనిచేసిన ఉపాయం లేదు.

ముందు సంతోషాలు రాయండి. వాటికీ ఒక పద్ధతి ఉంది. ‘గర్వంగా అనిపించింది’ అని రాయగానే ఆగి, ఆ క్షణంలో మీ చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. జబల్‌పూర్‌లో శిక్షణ ముగిసి, కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేసిన రోజు గురించి నాకు నాలుగు వాక్యాలకు మించి రాలేదు. కానీ 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధమప్పుడు, ద్రాస్ వైపు ఒక రాత్రి గురించి ఆరు పేజీలు వచ్చాయి. షెల్లింగ్‌లో టెలిఫోన్ లైను తెగింది. ఇద్దరం బయలుదేరాం. టార్చి వేయకూడదు. కేబుల్‌ను అరచేతిలో జారనిస్తూ, రాళ్ల మీద వంగి నడవాలి. ఎక్కడ చేతిలోంచి తీగ ఉన్నట్టుండి అయిపోతుందో అక్కడ తెగినట్టు. రెండో కొస కోసం నేల తడమాలి. దొరికాక గ్లవ్స్ తీసేసి, పళ్లతో పైతొడుగు ఒలిచి, కేబుల్ లోపలి రెండు తీగలనూ ఒకేచోట కాకుండా కాస్త ఎడంగా ముడి వేయాలి. ఒకేచోట వేస్తే ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. మెలిపెట్టి, టేపు చుట్టి, భుజానికి వేలాడే ఫోనును ఆ తీగకు తగిలించి పిడి తిప్పాను. రెండుసార్లు తిప్పేదాకా ఏమీ లేదు. మూడోసారికి అవతల నుంచి ‘బోలో’ అని వినిపించింది. ఒక్క మాట. ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలియదు. నా సర్వీసు మొత్తంలో అంతటి ఆనందం నాకు మరెక్కడా దొరకలేదు. మా సిగ్నల్స్ కోర్ నినాదం ‘తీవ్ర చౌకస్’ (వేగంగా, అప్రమత్తంగా) అని ఏడేళ్లుగా పలుకుతూనే ఉన్నాను, దాని అర్థం ఆ రాత్రి వేళ్లకు తెలిసింది.

మీరు డ్రైవరైతే మీ చేతికి స్టీరింగ్ ఎలా ఉండేదో, నర్సింగ్ అసిస్టెంట్ అయితే కట్టు ఎలా కట్టేవారో రాయండి. తుపాకీ పేల్చినవాడిదే సైనిక జీవితం అనుకుని చాలామంది తమ కథను తామే తక్కువ చేసుకుని రాయకుండా వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఏం రాయకూడదో కూడా తెలిసి ఉండాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మనం యూనిఫాం విప్పేసినంత మాత్రాన మనల్ని వదిలిపెట్టదు. కాపలా పోస్టు కచ్చితంగా ఎక్కడుందో, ఎంతమంది ఉండేవారో, ఏ దారిన సరుకు వెళ్లేదో, ఏ పరికరం ఎంత దూరం పనిచేసేదో, కాల్‌సైన్లు (వైర్‌లెస్‌లో వాడే మారుపేర్లు), కోడ్‌లు, మందుపాతరల స్థలాలు, ఇవేవీ వద్దు. పాతవేగదా అనుకోకండి, ఆ కొండ ఇప్పటికీ అక్కడే ఉంది, మన పిల్లల వయసువాళ్లు దాని మీద కాపలా కాస్తున్నారు. ఫోటోలు జత చేస్తుంటే వెనక గోడ మీద మ్యాపు ఉందేమో చూడండి. ఇవి లేకపోతే కథకు లోటేమీ ఉండదు. నేను పైన చెప్పిన రాత్రిలో ఒక్క పోస్టు పేరూ లేదు.

ఇక పశ్చాత్తాపాలు. వాటికి ముందు ఒక లెక్క వేయండి. నాకు 1998లో పెళ్లయింది. వచ్చేసేదాకా 18 ఏళ్లు. అందులో పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబాన్ని తెచ్చుకోగల ప్రశాంత ప్రాంతపు పోస్టింగులో, అందరం కలిసి ఉన్నవి 5 ఏళ్లు. మిగిలిన 13 ఏళ్లలో ఏటా 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఒక్కటీ పోకుండా దొరికాయనుకున్నా 1170 రోజులు. పదమూడేళ్ల కాపురంలో మూడేళ్ల పైచిలుకు. ఆ అంకె కాగితం మీద చూసిన రోజు నేను ఇంకేమీ రాయలేకపోయాను. మీరూ వేయండి. ‘ఇంటికి దూరంగా ఉన్నాను’ అన్న మాట కంటే మీ అంకె మీ పిల్లలకు ఎక్కువ చెబుతుంది.

రాసింది మీ భార్యకు చదివి వినిపించండి. దిద్దడానికి కాదు, ఆమె వైపు కథ కూడా అందులోకి రావడానికి. మాకు అప్పట్లో పక్కింటివాళ్ల ఫోనే పీపీ నంబరు. నెలకు రెండుసార్లు చేసేవాణ్ణి. ‘ఇల్లంతా క్షేమమని ప్రతిసారీ ధైర్యంగా చెప్పేది’ అని రాసుకున్నాను. అది విని మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘వాళ్లింట్లో నలుగురూ ఫోను చుట్టూ కూర్చుని వింటుంటే నేనింకేం చెప్పను? పాపకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మీరు ఫోను చేశారు. క్షేమమనే చెప్పాను’ అంది. పాపకు ఆ జబ్బు వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికి మా అమ్మాయికి పెళ్లీడు వచ్చింది. ఆ వాక్యం కొట్టేయకుండా ఉంచి, దాని కింద ఆమె మాటలను ఆమె చెప్పినట్టే రాశాను. మీ ఇంట్లోనూ ఇలాంటిది తప్పకుండా ఉంటుంది. అడగండి.

పశ్చాత్తాపం రాసేటప్పుడు ‘కానీ’ అన్న మాట వాడకండి. ‘అలా చేశాను, కానీ అప్పటి పరిస్థితి’ అని మొదలుపెడితే అది సంజాయిషీ అవుతుంది. జరిగింది రాసి చుక్క పెట్టండి. చెప్పడం తేలికే. నాదొకటి రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది.

2001 జనవరిలో మా డిటాచ్‌మెంట్‌లోని (విడిగా పంపిన చిన్న దళంలోని) తెలుగు కుర్రాడొకడు మంచుచరియ కింద పడి చనిపోయాడు. పేరు రాయను, వాళ్లింటి అనుమతి అడిగి రాయాల్సిన సంగతి అది, మీరూ అంతే చేయండి. అతని సామాను ట్రంకులో సర్ది, జాబితా రాసి ఇంటికి పంపాలి. కాగితాలన్నీ తెలుగులో ఉన్నాయి, చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అవి నాకు అప్పగించారు. దుప్పటి మడతలో ఒక ఇన్‌లాండ్ లెటరు దొరికింది. సగం కూడా రాయలేదు. మూడే వాక్యాలు. ‘అమ్మా, నువ్వు పంపిన స్వెటరు అందింది. ఛాతీ దగ్గర బిగుతుగా ఉంది, అయినా రోజూ వేసుకుంటున్నాను. నాకు వచ్చే నెల సెలవు ఖాయమైంది, నాన్నకు చెప్పకు, ఉన్నట్టుండి వచ్చి నిలబడతాను.’

వాడు వస్తున్నాడన్న సంగతి ఇప్పుడు తెలిస్తే ఆ తల్లి తట్టుకోలేదనుకున్నాను. ఉత్తరాన్ని చించి పొయ్యిలో వేశాను. జాబితాలో స్వెటరు రాశాను, ఉత్తరం రాయలేదు. అది ఆమె ఉత్తరం.

మొదట దీన్ని రాసినప్పుడు రెండు పేజీలు వచ్చింది. నా వయసు, ఆ చలి, ఆ రాత్రి మా అందరి మనఃస్థితి, అన్నీ పెట్టాను. ఒక్కో డ్రాఫ్టులో ఒక్కో కారణం తీసేస్తూ పోతే పై రెండు పేరాలు మిగిలాయి. అలా మిగిలాక అది నోట్‌బుక్‌లో ఉండాల్సింది కాదని అర్థమైంది. కొన్ని పశ్చాత్తాపాలు పిల్లల కోసం రాసేవి, కొన్ని సంబంధించిన మనిషికి వెళ్లి చెప్పాల్సినవి. మీవి ఏవి ఏ రకమో వేరుచేసుకోండి. రెండో రకంవి ఉంటే, ఆ మనిషి బతికుండగానే బస్సెక్కండి.

నేను ఆ కుర్రాడి ఇంటికి వెళ్లేసరికి అతని తండ్రి లేరు. తల్లి ఉంది. నేనెవరో, ఏం చేశానో చెప్పి, ఆ మూడు వాక్యాలూ గుర్తున్నంతవరకు రాసుకెళ్లిన కాగితం తీశాను. ఆమెకు చదువు రాదు. చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. నన్ను ఒక్క మాట అనలేదు, క్షమించాననీ అనలేదు. కాగితం తీసుకుని మడతపెట్టి కొంగున కట్టుకుంది.

‘పక్కింటి పిల్లాడికి తొడిగి చూసి కొన్నాను బాబూ. వాడు అక్కడికెళ్లి అంత ఎదిగాడని నాకెవరు చెప్పారు?’ అంది.