గుండె ఆపరేషన్ తర్వాత కారు తాళం చేతిలోకి తీసుకునే ముందు

పది రోజుల క్రితం మా చిన్నాన్నను రెండోసారి ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. బైపాస్ అయి అప్పటికి ఐదు వారాలు. గుండెకు ఏమీ కాలేదు, వేసిన గ్రాఫ్టులన్నీ, అంటే కొత్తగా అతికించిన రక్తనాళాలన్నీ బాగానే పనిచేస్తున్నాయి. విడిపోయింది రొమ్ము ఎముక. ఆపరేషన్ కోసం దాన్ని నిలువునా కోసి, మళ్లీ స్టీలు తీగలతో బిగించి కడతారు కదా, అందులో కింది రెండు తీగలు ఎముకను కోసుకుంటూ జారిపోయాయి. మళ్లీ తెరిచి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

కారు దేనికీ గుద్దుకోలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి తీశారు. "రెండు వీధులే కదా, నొప్పి కూడా లేదు" అనుకున్నారట. సైకిల్ మీద ఒక పిల్లవాడు అడ్డొచ్చాడు, బ్రేకు వేశారు. పిల్లవాడికి దెబ్బ తగల్లేదు. బండికి గీత కూడా పడలేదు. కానీ ఆ ఒక్క క్షణంలో ఆయన రెండు చేతులూ నిటారుగా చాచి, ఒంటి బరువంతా స్టీరింగ్ మీద ఆపుకున్నారు. ఛాతీలో 'టక్' మని చప్పుడైంది. ఆ సంగతి రెండు రోజుల పాటు ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్ల క్రితం మా నాన్నగారికి గుండె వాల్వ్ మార్చినప్పుడు పన్నెండు వారాలు నేనే డ్రైవర్ని. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ వరండాలో కూర్చుని తోటి పేషెంట్ల మాటలు వినేదాన్ని. విశ్రాంతి తీసుకోవాలి, మందులు మానకూడదు అన్నవి ఎవరికైనా తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినవాళ్లలో దెబ్బతిన్నవాళ్లంతా చేసిన తప్పు ఒక్కటే. నొప్పి తగ్గింది కాబట్టి ఎముక అతుక్కుందని అనుకోవడం.

నొప్పి, ఎముక: రెండింటి లెక్కా వేరు

పైన చర్మం రెండు మూడు వారాల్లో మూసుకుపోతుంది. నొప్పి కూడా చాలామందికి మూడు నాలుగు వారాలకు బాగా తగ్గుతుంది. ఎముక మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు తీసుకుంటుంది. పూర్తి గట్టిదనం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతారు. రొమ్ము ఎముకకు అలా కుదరదు. ఊపిరి తీసిన ప్రతిసారీ, దగ్గిన ప్రతిసారీ అది కాస్త కదులుతూనే అతుక్కోవాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బైపాస్‌కు ఛాతీ లోపలి గోడ నుంచి ఒక రక్తనాళాన్ని తీసి వాడతారు. ఎక్కువగా ఎడమ వైపుది తీస్తారు. దాంతో ఆ పక్కన చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు. అంటే స్పర్శే సరిగా తెలియని చోట నొప్పి లేదని మనం సంబరపడుతున్నాం. దాని మీద నొప్పి మాత్రలు కూడా నడుస్తుంటాయి. షుగరు ఉన్నవాళ్లకు, పొగతాగే అలవాటున్నవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు అతుకు ఇంకా ఆలస్యమవుతుంది. పక్క బెడ్ ఆయన ఆరో వారంలో కారు నడిపాడంటే ఆ తేదీ ఆయనకే పనికొస్తుంది, మీకు కాదు.

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతుక్కోవడం వేరు.

స్టీరింగ్ దగ్గర ఛాతీ మీద పడే భారం

ఛాతీ కండరాలు రెండు వైపుల నుంచీ వచ్చి రొమ్ము ఎముకకే అతుక్కుని ఉంటాయి. చేత్తో దేన్ని బలంగా లాగినా, నెట్టినా ఆ లాగుడు ఎముక మీదికే వస్తుంది. ఒక చెయ్యి ఒకవైపు, ఇంకో చెయ్యి ఇంకోవైపు పనిచేస్తే మరీ ప్రమాదం. అతుకు మీద మెలిక పడుతుంది. బండి నడపడంలో ఉన్నదంతా అదే పని కదా. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పడం, బిగుసుకున్న హ్యాండ్‌బ్రేక్ లాగడం, వెనక్కి తిరిగి రివర్స్ చేయడం, బరువైన తలుపు లాగి వేయడం. పవర్ స్టీరింగ్ లేని పాత బండి అయితే పూర్తిగా కోలుకునేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

నాలుగో వారంలో నాన్న మరీ పట్టుబడితే, ఇంజిన్ ఆపి ఉన్న కారులో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. బెల్టు కోసం చెయ్యి వెనక్కి చాపారు. సగం దూరం వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తెచ్చుకుని, అరచెయ్యి ఛాతీ మీద ఆనించుకుని కాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత ఆయనే, "ఇంకా వద్దులేమ్మా" అని దిగిపోయారు. అంతకు ముందు రోజంతా నొప్పి లేదనే చెప్పారు.

తల కూడా సిద్ధంగా ఉండాలి

దీన్ని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గుండె ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు ఏకాగ్రత తగ్గుతుంది, మాటలు మరిచిపోతారు, రాత్రి నిద్ర ముక్కలవుతుంది, పగలు కునుకు పడుతుంది. నాన్న పేపర్లో ఒకే వార్తను మూడుసార్లు మొదటి నుంచి చదివేవారు. పేపరు చదవడం ఆగిపోతే ఎవరికీ ప్రమాదం లేదు. రోడ్డు మీద ఎదుటి బండి బ్రేకు లైటు వెలిగాక మన కాలు పెడల్ మీదికి వెళ్లడానికి ఆలస్యమైతే పోయేది ఇంకొకరి ప్రాణం కావచ్చు.

మందుల సంగతి కూడా చూసుకోవాలి. ట్రమడాల్ వంటి బలమైన నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లూ బండి నడపకూడదు. గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మాత్రలతో కళ్లు తిరగొచ్చు. డోసు మార్చిన రోజుల్లో ఇది ఎక్కువ. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో గుండె లయ తప్పడం ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరికి జరుగుతుంది. చాలామందికి అది సర్దుకుంటుంది. మీకు అలా జరిగి ఉంటే, డ్రైవింగ్ గురించి అడిగేటప్పుడు ఆ సంగతి మీరే గుర్తుచేయండి.

బెల్టు

గాయం మీద ఒరుసుకుంటోందని బెల్టు తీసేస్తారు. వద్దు. బెల్టు లేకుండా బ్రేకు పడితే అప్పుడే కట్టిన ఎముక స్టీరింగ్‌కు తగులుతుంది. పల్చటి మెత్తని టవల్ మడిచి బెల్టుకూ గాయానికీ మధ్య పెట్టుకోండి. లావు దిండు మాత్రం పెట్టొద్దు. బెల్టు ఒంటికి దూరమై వదులవుతుంది, ఆపాల్సిన సమయంలో ఆపదు. బెల్టును చంక కిందుగా తిప్పి పెట్టుకోవద్దు. స్టీరింగ్ మధ్య భాగానికీ రొమ్ము ఎముకకూ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండేలా సీటు వెనక్కి జరపండి. ఎయిర్‌బ్యాగ్ చాలా బలంగా తెరుచుకుంటుంది, దానికి ఆ చోటు కావాలి. నడపడం మొదలుపెట్టక ముందు వారాల్లో పక్క సీట్లో కన్నా వెనక సీట్లో కూర్చోవడం మంచిది. అక్కడా బెల్టు పెట్టుకోవాల్సిందే.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

డాక్టరును నోరు తెరిచి అడగండి: "నేను కారు ఎప్పుడు నడపొచ్చు?" ఈ ప్రశ్న విడిగా అడగాలి. "బాగున్నారు, నడవొచ్చు" అని డాక్టరు అంటే "నడపొచ్చు" అని తీసుకుని ఇంటికొచ్చినవాళ్లను ఇద్దరిని చూశాను.

మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు చెబుతారు. అది మీ ఎముకను చేత్తో నొక్కి, దగ్గించి చూశాక చెప్పిన మాటై ఉండాలి. క్యాలెండర్ చూసి మీరు వేసుకున్న లెక్క పనికిరాదు.

టూ వీలర్‌కు కారు తేదీ వర్తించదు. గుంతలో పడిన ప్రతి కుదుపూ హ్యాండిల్ గుండా ఛాతీకే వస్తుంది. బండి ఒకవైపు ఒరిగితే ఆ బరువంతా చేతులతో ఆపాలి. మూడు నెలలు నిండాక, దాని గురించి విడిగా అడిగి, అప్పుడే. సెంటర్ స్టాండ్ వేయొద్దు. కిక్ కొట్టొద్దు. వెనక కూర్చుని వెళ్లడం కూడా వద్దు.

డ్రైవింగే మీ ఉద్యోగమైతే కారు నడపొచ్చన్న మాట మీకు చాలదు. బస్సు, లారీ, ట్యాక్సీ నడిపేవాళ్లు ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్షల తర్వాత ఫిట్‌నెస్ రాతపూర్వకంగా తీసుకోండి. పేస్‌మేకర్ గానీ, షాక్ ఇచ్చే పరికరం గానీ పెట్టి ఉంటే నియమాలు పూర్తిగా వేరు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక ఫోన్ చేయండి. డాక్టర్ ఒప్పుకోకముందు నడిపితే క్లెయిమ్‌కు చిక్కులు రావొచ్చు.

మొదటి రోజు రోడ్డెక్కొద్దు. ఆగి ఉన్న కారులో బెల్టు పెట్టుకుని, అద్దాలు చూసి, బ్రేకును గట్టిగా తొక్కి చూడండి. మెడ రెండు వైపులా తిప్పండి. వీటిలో ఏ ఒక్కటి చేసినా ఛాతీ పట్టేసినట్టుంటే దిగిపోండి. వారం ఆగండి.

రెండో మెట్టు: ఖాళీ వీధి, పగటి వేళ, పది నిమిషాలు. పక్కన బండి నడపగలిగిన మనిషి ఉండాలి.

రాత్రి నడపొద్దు. వానలో నడపొద్దు. ఒంటరిగా నడపొద్దు. తొలి రెండు వారాలు ఈ మూడూ పాటించండి.

ఎక్కేటప్పుడు ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి. పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడొద్దు.

స్టెప్నీ మార్చొద్దు. ఆగిన బండిని తొయ్యొద్దు. డిక్కీలోంచి సామాను దింపొద్దు. నాలుగైదు కిలోలు దాటిన బరువేదైనా వేరే వాళ్లే ఎత్తాలి. నొప్పి లేకపోయినా సరే. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతుక్కోవడం వేరు.

ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరిగా ఉన్నాయా? ఛాతీ తెరిచినప్పుడు నరాలు సాగడం వల్ల అలా అవుతుంది. స్టీరింగ్ పట్టు సరిగా తెలియనన్నాళ్లు నడపొద్దు.

బైపాస్ కోసం కాలి నుంచి కూడా రక్తనాళం తీసి ఉంటే గంటకోసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడవండి. పక్కన కూర్చుని వెళ్లేవాళ్లకు కూడా ఇదే.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నట్టు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి వెళ్లండి, బయటికి ఏమీ కనిపించకపోయినా.

ఇంట్లోవాళ్లూ, తాళం చెవి కనిపించేచోట పెట్టొద్దు. పోట్లాడతారు, అలుగుతారు. అలగనివ్వండి. "నొప్పి లేదుగా" అన్న మాటకు మెత్తబడకండి. మా పిన్ని మెత్తబడింది, తాళం టీవీ పక్కనే వదిలి వెళ్లింది.

నడుపుతుండగా గుండె దడ, ఆయాసం, కళ్లు మసకబారడం, చెమటలు పట్టడం కనిపిస్తే పక్కకు తీసి ఆపండి. ఇల్లు దగ్గరే కదా అని ముందుకు పోవద్దు. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

గాయం దగ్గర ఎరుపెక్కినా, చీము గానీ నీరు గానీ కారినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.

దగ్గినప్పుడు, పక్కకు తిరిగి పడుకున్నప్పుడు, స్టీరింగ్ తిప్పినప్పుడు ఛాతీలో 'టక్' మన్నా, ఎముక ముక్కలు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నట్టు అనిపించినా అప్పటికప్పుడే చెప్పండి. నొప్పి ఉందా లేదా అని చూడొద్దు. చిన్నాన్నకు ఆ రెండు రోజులూ నొప్పి లేదు.