స్టైల్‌షీట్‌లోని నేపథ్య చిత్రం రానప్పుడు: నా అనుభవం

మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైట్‌లో స్టైల్ నియమాలను పేజీలోంచి తీసి విడి సీఎస్ఎస్ ఫైలులో (పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీట్‌లో) పెట్టగానే, మిగిలిన ఫొటోలన్నీ వస్తున్నప్పటికీ, శీర్షిక వెనుక ఉండవలసిన చిత్రం మాయమైంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీని మళ్లీ లోడ్ చేయగా, ఆ చిత్రం వరుస ఎర్రగా, 404 (ఫైలు దొరకలేదు) అని కనిపించింది. ఆ వరుసపై నొక్కితే బ్రౌజర్ అడిగిన పూర్తి చిరునామా తెలుస్తుంది. కోడ్‌లో ఊహించి మార్పులు చేయడం కంటే ముందుగా దానిని చదవడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఇమేజెస్ ఫోల్డర్‌ను బ్రౌజర్ సీఎస్ఎస్ ఫోల్డర్ లోపల వెతుకుతోంది. స్టైల్‌షీట్‌లో యూఆర్ఎల్ బ్రాకెట్లలో రాసిన సాపేక్ష మార్గాన్ని బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్ పేజీ నుంచి కాక, ఆ స్టైల్‌షీట్ ఫైలు ఉన్న చోటి నుంచి లెక్కిస్తుంది కనుక, మార్గానికి ముందు రెండు చుక్కలు, ఒక స్లాష్ (ఒక ఫోల్డర్ పైకి వెళ్లమని అర్థం) చేర్చాను. నా విండోస్ కంప్యూటర్‌లో చిత్రం వచ్చింది.

వెబ్‌సైట్ ఉన్న లినక్స్ సర్వర్‌లో మాత్రం 404 అలాగే ఉంది. కెమెరా నుంచి వచ్చిన ఫైలుకు జేపీజీ అనే ఎక్స్‌టెన్షన్ పెద్ద అక్షరాలలో, స్టైల్‌షీట్‌లో చిన్న అక్షరాలలో ఉంది. విండోస్ సాధారణంగా పట్టించుకోని ఈ తేడాను లినక్స్ పాటిస్తుంది. ఫైలు పేరును చిన్న అక్షరాలలోకి మార్చి మళ్లీ ఎక్కించాక 200 (ఫైలు దొరికింది) వచ్చింది.

200 వచ్చినా చిత్రం కనిపించకపోతే, ఆ చిత్రం ఉండే ఖాళీ డివ్ (పేజీలో పెట్టెలాంటి భాగం) ఎత్తు సున్నాగా ఉందేమో చూడాలి. పేజీ అడుగున ఉన్న పట్టీకి మిన్-హైట్ (కనీస ఎత్తు) ఇవ్వగానే అక్కడి చిత్రమూ కనిపించింది.