రోజూ 10 నిమిషాలు: ఒంటికి తెలిసింది రాసే అలవాటు

ఫ్రీరైటింగ్ అంటే టైమర్ పెట్టుకుని, పెన్ను ఆపకుండా, కొట్టివేతలు లేకుండా రాసుకుంటూ పోవడం. దానికి ఇక్కడ ఒక్క షరతు కలుపుతున్నాం. ఒంటికి తెలిసిందే రాయాలి, అభిప్రాయాలు రాయకూడదు.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్, నొక్కి రాయనక్కర్లేని పెన్ను చాలు. టైమర్ ఫోన్లోనే అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బోర్లించండి. ఫోన్లో టైప్ చేయడం మాత్రం వద్దు. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే కీబోర్డు ప్రతి మాటకీ సూచనలు చూపిస్తుంది. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి ఆగారంటే దిద్దుబాటు మొదలైనట్టే. చేత్తో రాసేటప్పుడు ఒత్తు తప్పినా, దీర్ఘం పోయినా వెనక్కి వెళ్లొద్దు. మాట తోచకపోతే చివరి మాటనే మళ్లీ మళ్లీ రాస్తూ ఉండండి. ఆ విసుగుకే ఇంకో మాట ఊడిపడుతుంది.

"రోజూ పొద్దున" అనుకుంటే అలవాటు నిలవదు. "చాయ్ పొయ్యి మీంచి దించగానే" అనుకుంటే నిలుస్తుంది. మెట్రోలో వెళ్లేవాళ్లు మియాపూర్‌లో ఎక్కితే సీటు దొరకడం తేలిక, అమీర్‌పేట వచ్చేలోపు పని అయిపోతుంది.

ఆదివారం కూర్చుని 7 చీటీలు రాసి ఒక డబ్బాలో వేయండి, రోజుకొకటి తీయండి. చీటీలో వస్తువు ఎంత చిన్నదైతే అంత మంచిది. "వానాకాలం" అని రాస్తే పది నిమిషాలూ కబుర్లే వస్తాయి, "తడిసిన రెయిన్‌కోటు" అని రాయండి. "పాతబస్తీ" కూడా పెద్దదే. లాడ్‌బజార్లో గాజుల కోసం లక్కను మెత్తబరిచే నిప్పులు చాలు.

ఐదు ఇంద్రియాలకు మరో రెండు కలుపుకోండి. ఒకటి ఒంటి లోపలిది: దాహం, గుండెదడ, కడుపులో బరువు. రెండోది కదలిక: ఆటో స్పీడ్‌బ్రేకర్ దిగినప్పుడు వెన్నులో తగిలే దెబ్బ, మెట్రో బ్రేకేస్తే ముందుకు తూలే భుజం. మొదటి వారం కంటికి కనిపించేది చివరి 3 నిమిషాలకు వాయిదా వేయండి. కంటిని ముందే వదిలితే మిగతావాటికి చోటివ్వదు. వాసన అన్నిటికన్నా ముందు రాయాలి, ఎందుకంటే ఒకే వాసనకు ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. ఇరానీ హోటల్లో అడుగుపెట్టగానే కొట్టే డికాక్షన్ వాసన కాసేపు కూర్చుంటే తెలియదు. జారిపోతే కొంచెంసేపు బయట తిరిగి రండి.

చీటీలో "నల్లా" వచ్చిందనుకుందాం. చాలామంది మొదటిరోజు ఇలా రాస్తారు: "నల్లా వచ్చింది. నీళ్లు జలజలా పారుతుంటే ఎంతో హాయిగా అనిపించింది." ఇందులో నల్లా లేదు. దీన్ని చూడండి:

"ముందు బుస్సుమంది. రెండు దగ్గులు దగ్గింది. తర్వాత ఎర్రనీళ్లు, తుప్పు వాసన. బిందె అడుగున డబ్బా మోత, సగానికొచ్చేసరికి మోత సన్నబడింది, మెడ దగ్గర ఈల. ఎత్తితే నడుం ఎడమకి ఒంగింది. చెప్పుకీ అరికాలికీ మధ్య చల్లగా నీళ్లు."

బిందెలో గాలి ఉన్న చోటు తగ్గేకొద్దీ స్వరం పైకెక్కుతుంది. ఆ తేడాను "జలజల" మింగేస్తుంది. గలగల, ఘుమఘుమ, తళతళ లాంటి జంటమాటలు తెలుగులో ఎంత అందమైనవో అంత సులువుగా దొరుకుతాయి, చెవి వినకముందే పెన్ను రాసేస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు వాటిని పక్కన పెట్టండి. "హాయిగా", "అద్భుతంగా" అని పడిందా, దాన్ని కొట్టేయకుండా వెంటనే "ఒంట్లో ఎక్కడ?" అని రాసి, జవాబు రాయండి. భుజాలు దిగాయా, దవడ వదులైందా?

నల్లా దగ్గర మొదలై అమ్మమ్మగారి ఊరి బావికి పోతే పోనివ్వండి, అడ్డుపడొద్దు. అక్కడ కూడా చేంతాడు అరచేతిని ఎలా కోసిందో రాయాలి, అంతే. భాష మీ ఇంట్లో మాట్లాడేదే ఉండాలి. పుస్తకాల మాటలు వెతుక్కుంటే పెన్ను ఆగుతుంది.

టైమర్ మోగగానే వాక్యం మధ్యలోనైనా ఆపండి. ఊపు మీద అరగంట రాస్తే మర్నాడు ఆ అరగంటే లెక్కగా కనిపించి, కూర్చోబుద్ధి కాదు.

రాసింది రెండు వారాలు చదవొద్దు. 15వ రోజు ఎర్రపెన్నుతో కూర్చుని, పేజీకి ఒక్క వాక్యం కింద గీత గీయండి. తప్పులు దిద్దకండి. గీసినవాటిని తేదీలతో వేరే నోట్‌బుక్కులో ఎక్కించండి. కథో పాటో రాయడానికి కూర్చున్నప్పుడు తెరవాల్సింది ఆ రెండోదే. అందులో వరసగా చూపుకు సంబంధించినవే కనిపిస్తే వచ్చే వారం చీటీల్లో వంటింటి వస్తువులు ఎక్కువ వేయండి.

ఒకరోజు తప్పితే మర్నాడు 20 నిమిషాలు రాయకండి, 10 చాలు. బోనాలకు ఇంటినిండా చుట్టాలున్న రోజున 3 నిమిషాలు, ఒకే ఇంద్రియం, మెట్ల మీద కూర్చుని రాసినా లెక్కలోకి వస్తుంది.