ఆలోచన నేర్పే పీజీ కోర్సులో కలిసి చదువుకునే పద్ధతులు

విమర్శనాత్మక, సృజనాత్మక ఆలోచన మీద నడిచే పీజీ కోర్సులో చేరేవాళ్లు సాధారణంగా అప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లు. టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, చిత్రకారులు, సంస్థల్లో శిక్షణ ఇచ్చేవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి రంగంలో వాళ్లు తలపండినవాళ్లు, పక్కవాళ్ల రంగంలో ఓనమాలు రానివాళ్లు. ఇలాంటి బ్యాచ్‌ని దాని మానాన వదిలేస్తే త్వరలోనే రెండింట్లో ఒకటి జరుగుతుంది. మాటకారులు నలుగురు వాదించుకుంటుంటే మిగతావాళ్లు నోట్సు రాసుకుంటారు. లేదంటే ఎవరు ఏం చదివి వినిపించినా "చాలా బాగుంది" అనేసి ఊరుకుంటారు. ఎలా జరిగినా ఎవరి ఆలోచనా ఉన్నచోటు నుంచి కదలదు.

అది కదలాలంటే ఇంకా తేలని ఆలోచనను నలుగురి ముందు పెట్టగలగాలి. ముందు చనువు ఏర్పడితే ఆ ధైర్యం దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు కావాల్సింది పద్ధతి. ఎవరు ఎప్పుడు, ఎంతసేపు, ఏ రకంగా మాట్లాడతారో అందరికీ తెలిసి ఉంటే చనువు దాని వెనకే వస్తుంది. అందుకే ఇక్కడ నిమిషాల లెక్కలు ఎక్కువగా కనిపిస్తాయి.

జట్లు కట్టడం

12 నుంచి 15 మంది ఉన్న క్లాసులో అందరూ కూర్చునే వృత్తం ఒకటి, నలుగురేసి ఉండే జట్లు, జట్టులోపల ఇద్దరిద్దరి జోడీలు ఏర్పాటు చేసుకోండి. జట్టుకు నలుగురే ఎందుకంటే, ఒకరి పని మీద సరిగ్గా చర్చించడానికి 25 నిమిషాలు పడుతుంది. రెండు గంటల్లో నలుగురి వంతు పూర్తయి, 20 నిమిషాలు మిగులుతాయి. ఐదుగురైతే రెండు గంటలు దాటిపోతుంది. ఆరుగురైతే ఎవరో ఒకరి వంతు "వచ్చేవారం చూద్దాం" అవుతుంది. అలా వాయిదా పడేది ప్రతిసారీ తక్కువ మాట్లాడేవాళ్ల వంతే.

స్నేహితులను ఒకే జట్టులో వేయకండి. ఒకే వృత్తివాళ్లనూ వేయకండి. ఇద్దరు టీచర్లు ఒకచోట చేరితే బడి గురించిన మాటలు వివరణ లేకుండానే సాగిపోతాయి. అదే జట్టులో ఒక ఇంజనీరు ఉండి "మూల్యాంకనం అంటే మార్కులేనా?" అని అడిగితే టీచరు మొదటిసారి ఆగి ఆలోచిస్తారు. ఒకసారి కట్టిన జట్టును సెమిస్టర్ అయ్యేదాకా మార్చవద్దు. ఒకరి ప్రశ్న వారం వారం ఎలా మారుతోందో తెలిసినవాళ్లు ఇచ్చే సలహాకూ, అప్పుడే వచ్చి విన్నవాళ్ల సలహాకూ చాలా తేడా ఉంటుంది.

మొదటి సమావేశంలో హోదాలు చెప్పించకండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలిచ్చి, తమను ఈ కోర్సుకు తెచ్చిన ప్రశ్న ఏమిటో, అది ఎక్కడ మొదలైందో చెప్పమనండి. వినేవాళ్లు ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు రాసి ఆ చీటీ వాళ్లకే ఇవ్వాలి: మీరు చెప్పినదాంట్లో నా పనికి తగిలేది ఇది, ఇంకా తెలుసుకోవాలనిపించింది ఇది. సెమిస్టర్ మధ్యలో దారి తోచనప్పుడు చాలామంది ఈ చీటీలే తీసి చూసుకుంటారు. పారేయవద్దని మొదటే చెప్పండి. జట్టులో చెప్పిన సొంత విషయాలు బయటికి పోకూడదన్న ఒప్పందం కూడా ఈ సమావేశంలోనే, నోటితో కాకుండా రాతలో జరగాలి.

వినే వృత్తం

మొత్తం క్లాసుకు రెండు వారాలకొకసారి, 70 నిమిషాలు. చర్చలా కనిపిస్తుంది గానీ ఇందులో ఎవరినీ ఒప్పించే పని లేదు. ఒక ప్రశ్న చుట్టూ అందరి ఊహలూ బయటికి రావడమే ఉద్దేశం.

బల్లలు పక్కకు జరిపి కుర్చీలు గుండ్రంగా వేయండి. మధ్యలో ఒక స్టూలు మీద అంకెలు వేసిన కార్డులు, 1 నుంచి 30 వరకు, వరసగా పేర్చి పెట్టండి. మొదటి 5 నిమిషాలు అందరూ మౌనంగా రాసుకుంటారు. తర్వాతి 10 నిమిషాల్లో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చెబుతారు. ఆ తర్వాత 40 నిమిషాలు కార్డుల పద్ధతి: మాట్లాడాలనుకున్నవాళ్లు లేచి పైకార్డు తీసుకుంటారు, తమ అంకె వచ్చినప్పుడు మాట్లాడతారు. చివరి 15 నిమిషాల్లో మళ్లీ చుట్టూ ఒక విడత, "ఇక్కడి నుంచి నేను తీసుకెళ్లేది" అన్న మాటతో మొదలుపెట్టి.

ఈ మొత్తంలో కార్డే కీలకం. చెయ్యెత్తి కాచుకున్న మనిషి ఏమీ వినడు, ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తుంటాడు. కార్డు చేతికొస్తే వంతు ఖాయం, ఇక వినవచ్చు. మాట్లాడే ముందు కార్డును కింద పెట్టాలన్న నియమం కూడా పెట్టండి. ఆ రెండు క్షణాల ఆగడం వల్లే ముందు మాట్లాడినవాళ్ల మాట చెవికెక్కుతుంది.

చెడేది సాధారణంగా నిర్వాహకుల దగ్గరే. ప్రతి మాటకూ "మంచి పాయింట్" అంటూ పోతే అందరూ నిర్వాహకుల ముఖం చూసి మాట్లాడటం మొదలుపెడతారు. నిర్వాహకులు కూడా కార్డు తీసుకునే మాట్లాడాలి. రెండోది, మౌనమంటే భయం. కార్డులు ఎవరూ తీయని సమయం ఒకటి తప్పకుండా వస్తుంది. నిమిషం పాటు ఏమీ చేయకండి. తర్వాత వచ్చే మాట తరచూ ఆ పూటకల్లా లోతైనదిగా ఉంటుంది.

ఆపకుండా రాయడం

వృత్తం మొదట్లో 5 నిమిషాలు, విడిగా చేసినప్పుడు 7 నుంచి 10 నిమిషాలు. కలం ఆగకూడదు, కొట్టివేతలు ఉండకూడదు, రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాస్తూ పోవాలి. మొదలుపెట్టడానికి ఒక సగం వాక్యం ఇవ్వండి: "ఈ విషయంలో నేను తప్పించుకుంటున్నది ఏమిటంటే..." లాంటిది. తర్వాత దాన్ని చదివి వినిపించమని ఒక్కసారి అడిగినా సరే, మరుసటి వారం నుంచి అందరూ వినిపించడానికి పనికొచ్చేదే రాస్తారు. ఇక ఆ అభ్యాసానికి విలువ ఉండదు.

జరుగుతున్న పని మీద అభిప్రాయాలు

కోర్సు మొత్తంలో ఎక్కువ మేలు జరిగేదీ, ఎక్కువ మనసు కష్టపెట్టుకునేదీ ఇక్కడే. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి కళలకు ఎంత పనికొస్తుందో పరిశోధన ప్రతిపాదనకూ అంతే పనికొస్తుంది. 25 నిమిషాలను ఇలా పంచుకోండి.

పని పెట్టినవాళ్లు 5 నిమిషాల్లో వివరిస్తారు. తర్వాత మొదటి మెట్టు 3 నిమిషాలు, విన్నవాళ్లు తమకు ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో మాత్రమే చెబుతారు. తర్వాత 5 నిమిషాలు పని పెట్టినవాళ్లే ప్రశ్నలు వేస్తారు, అడిగినదానికే జవాబు. మూడో మెట్టు 6 నిమిషాలు విన్నవాళ్ల వంతు, కానీ తమ అభిప్రాయం కలపని ప్రశ్నలే అడగాలి. నాలుగో మెట్టు 4 నిమిషాలు: "ఫలానాదాని మీద నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?" అని అడిగి, ఒప్పుకుంటేనే చెప్పాలి. వద్దనడానికి ఎదుటివాళ్లకు పూర్తి హక్కుంది. మిగిలిన 2 నిమిషాల్లో పని పెట్టినవాళ్లు తమ తర్వాతి అడుగేమిటో చెప్పి ముగిస్తారు.

అభిప్రాయం కలపని ప్రశ్న అడగడం చాలా కష్టం. మూడో మెట్టును దాటవేయాలని అందరికీ అనిపించేది అందుకే. ఉదాహరణకు ఒక నర్సు ప్రతిపాదన చూద్దాం. ఆసుపత్రిలో షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలు కొన్ని తర్వాతి నర్సుకు చేరడం లేదని, దానికి సంభాషణా నైపుణ్యాల శిక్షణ ఇవ్వాలని ఆమె రాసుకొచ్చారు.

"శిక్షణతో ఇది తీరుతుందంటారా?" అనేది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. ఆమె వెంటనే శిక్షణను సమర్థించుకోవడం మొదలుపెడతారు. "డ్యూటీ డాక్టర్లను కూడా కలపవచ్చు కదా?" అనేది సలహా. "షిఫ్టు అప్పగింత ఎక్కడ జరుగుతుంది? ఆ సమయంలో చుట్టూ ఏం జరుగుతుంటుంది?" అనేదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెబుతూ ఆమె, వార్డు మధ్యలో నిలబడే అప్పగిస్తామనీ, ఆ కాసేపట్లో ఫోన్లు, బెల్లులు, బంధువుల ప్రశ్నలు ఆగవనీ వర్ణిస్తారు. వర్ణిస్తుండగానే, తాను నర్సుల మాటతీరు మీద పెట్టిన నేరం వాళ్లు నిలబడే చోటు మీదా ఉందని ఆమెకే కనిపించవచ్చు. శిక్షణ అనే పరిష్కారం కాసేపు పక్కకు జరిగి, అప్పగింతకు ఎలాంటి చోటు, ఎంత సమయం కావాలన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఇదే మార్పును జట్టు సలహాగా ఇచ్చి ఉంటే ఆమె మర్యాదగా తల ఊపి ఊరుకునేవారు.

ప్రశ్న సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చిట్కా ఉంది. అడిగేవాళ్లకు జవాబు ముందే తెలిసి ఉంటే అది ప్రశ్న కాదు. ఎవరైనా జారితే జట్టు నాయకులు "దాన్ని ప్రశ్నగా మార్చి చెప్పండి" అనాలి. అంతకు మించి వివరించవద్దు. ఆ ఒక్క మాటకే అలవాటు పడతారు.

డ్రాఫ్టుల మీద రాతపూర్వక అభిప్రాయానికి నియమాలు తక్కువ. మూడు రోజుల ముందు పంపాలి, ఐదు పేజీలు మించకూడదు, పైన ఏ రకం చూపు కావాలో రాయాలి: వాదన నిలబడుతోందా, క్రమం బాగుందా, ఎక్కడ అర్థం కాలేదు. వాక్యదోషాలు దిద్దమని అడిగితే తప్ప దిద్దకండి. తేలని వాదనలో అక్షరదోషాలు దిద్దడం ఇద్దరి సమయాన్నీ తినేస్తుంది.

కొత్త ఆలోచనలు రాబట్టడం

ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్ ప్రచారంలోకి తెచ్చిన బ్రెయిన్‌స్టార్మింగ్‌ను (విమర్శను పక్కన పెట్టి, తోచిన ఆలోచనలన్నీ బయటపెట్టే పద్ధతి) అందరూ వాడతారు, కానీ గుంపుగా కూర్చుని అరిచే పద్ధతిలోనే వాడతారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, కలిసి కూర్చున్న నలుగురి కంటే విడివిడిగా రాసిన నలుగురి ఆలోచనలను కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సి రావడం దీనికి ముఖ్య కారణమని 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డీల్, స్ట్రోబ్‌ల ప్రయోగాలు చూపించాయి.

కాబట్టి ముందు 6 నిమిషాలు ఎవరికి వాళ్లు, ఒక్కో చీటీ మీద ఒక్కో ఆలోచన చొప్పున రాయాలి. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కో చీటీ చదివి గోడకు అంటించాలి. పక్కవాళ్ల చీటీ చూసి కొత్తది తోస్తే అక్కడికక్కడే రాసి చేర్చవచ్చు. అన్నీ గోడకెక్కి, దగ్గర దగ్గరవి ఒకచోటికి చేరాకే విమర్శ మొదలవ్వాలి. మధ్యలో 10 నిమిషాల విరామం ఇస్తే ఇంకా మంచిది. పుట్టించే పనీ, పరీక్షించే పనీ రెండూ ఈ కోర్సుకు ప్రాణమే, కానీ ఒకే నిమిషంలో రెండూ చేయబోతే రెండోదే గెలుస్తుంది.

పాఠం చదివే రోజు

చదవాల్సినది ఇంట్లోనే చదివి రావాలి. క్లాసులో విద్యార్థులే ప్రశ్నలు వేస్తారు, ఒక్కో ప్రశ్న పక్కన వేసినవాళ్ల పేరు బోర్డు మీద రాస్తారు, ఏది ముందు తీసుకోవాలో ఓటు వేస్తారు. తత్వవేత్త మాథ్యూ లిప్‌మన్ 1970లలో పిల్లల కోసం రూపొందించిన తత్వశాస్త్ర పాఠాల్లో ఉన్న పద్ధతే ఇది. పేరు రాయడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, ప్రశ్నకు ఒక మనిషి ఉంటే చర్చ దారి తప్పినప్పుడు "మీరు అడిగింది ఇదేనా?" అని వెనక్కి తీసుకురావచ్చు.

తెగిపోయే చోట్లు

రాకపోవడం: ఉద్యోగాలు చేసేవాళ్లకు కొన్ని వారాలు కుదరవు. రానివాళ్లు రెండు రోజుల్లో తమ జోడీకి ఫోన్ చేసి 15 నిమిషాలు మాట్లాడాలి. నోట్సు పంపించుకుంటే సరిపోదు. వరసగా రెండుసార్లు రానివాళ్లను క్లాసు పెట్టే అధ్యాపకులు కాకుండా జోడీయే పలకరించడం మంచిది. అధ్యాపకుల ఫోన్ మందలింపులా వినిపిస్తుంది.

ఒక్కరే మాట్లాడటం: వ్యక్తిని సరిదిద్దకండి, పద్ధతిని మార్చండి. ఆ పూటకు ఒక్కొక్కరు మూడు కార్డులకు మించి తీసుకోకూడదంటే ఎవరినీ నొప్పించకుండా పని జరుగుతుంది.

ఆన్‌లైన్ సమావేశం: 90 నిమిషాలు మించితే వినడం తగ్గిపోతుంది. కార్డులకు బదులు చాట్‌లో పేరు పెడితే అదే వరస. సగం మంది గదిలో, సగం మంది తెర మీద ఉంటే గదిలోవాళ్లు తెరను మరిచిపోతారు. అలాంటప్పుడు గదిలోవాళ్లు కూడా తలా ఒక ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్‌లతో కూర్చోవాలి. ఒకరి మైకు తప్ప మిగతావన్నీ ఆపకపోతే గోల భరించలేం.

థీసిస్: ప్రశ్న ఖరారయ్యాక జట్టుకు చూపిద్దామని ఆగడం సాధారణంగా జరిగే నష్టం. ఆరో వారానికల్లా, ఒక్క పేరాగ్రాఫ్ అయినా సరే, జట్టు ముందుకు రావాలి. పూర్తయిన రోజున పెద్ద గదిలో పెట్టే ప్రదర్శనకు పాత బ్యాచ్‌వాళ్లను పిలవండి. వాళ్లకు 10 నిమిషాలిచ్చి, ఈ పని తమ ఉద్యోగంలో ఎక్కడ ఉపయోగపడుతుందో చెప్పమనండి. పొగడ్తల కంటే విద్యార్థికి పనికొచ్చేది అదే.

సెమిస్టర్ చివరి సమావేశంలో 20 నిమిషాలు పద్ధతి మీదే పెట్టండి. ఒక్కొక్కరు ఒక కాగితం మీద ఎడమవైపు నిలబెట్టాల్సినవి, కుడివైపు మార్చాల్సినవి రాస్తారు. కుడివైపు రాసిన ప్రతిదానికీ ఎలా మార్చాలో కూడా రాయాలి. ఆ కాగితాలను, మీరు వాడిన నిమిషాల పట్టికలను, అంకెల కార్డులను ఒకే ఫైలులో పెట్టి, వచ్చే బ్యాచ్ మొదటి క్లాసుకు ముందే వాళ్ల చేతికి అందేలా చూడండి.