గ్రానైట్ కోసేటప్పుడు మాస్కు ఎలా పెట్టుకోవాలి?

ఇళ్లలో గ్రానైట్ పరిపించే పని పదిహేనేళ్లుగా చేస్తున్నాను. ఇప్పటికీ ఏ సైటుకెళ్లినా అదే దృశ్యం. కుర్రాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, కిచెన్ గట్టులో సింకు కోసం పొడి బండనే కోస్తుంటాడు. గదంతా తెల్లటి దుమ్ము. ఆ రాతి దుమ్ములో ఊపిరితిత్తుల లోతుకు దిగే సిలికా అనే ఖనిజ రేణువులు కంటికి కనపడనంత సన్నవి. వాటిని తువ్వాలు ఆపదు, తడిపి కట్టినా ఆపదు. నీలం సర్జికల్ మాస్కు కూడా అంతే. ఈ దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు పట్టే జబ్బు సిలికోసిస్. అది వస్తే నయం చేసే మందు లేదు. పని మానేసినా అది ముదరవచ్చు.

ముందు నీళ్లు. నీళ్లతో కోయడానికి తయారైన మిషన్, ఎర్త్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. బ్లేడు మీద ధార ఆగకూడదు. మాస్కు ఆ తర్వాతి సంగతి.

కొనేది సన్నటి దుమ్మును వడకట్టే ఎన్95 మాస్కు, లేదా ఐఎస్ 9473 (మన దేశపు మాస్కుల ప్రమాణం) ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం మాస్కు. పట్టీలు తల వెనక్కి వెళ్లేవే తీసుకోండి, చెవులకు తగిలించేవి వద్దు. రోజంతా కోసేవాళ్లకు నేను రెండు ఫిల్టర్ల రబ్బరు హాఫ్ మాస్కు (ముక్కు, నోరు, గడ్డం కప్పేది), దానికి ఎన్95 కన్నా ఎక్కువ దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్లే ఇస్తాను. ఖరీదు ఎక్కువే, కానీ ముఖానికి బాగా అతుకుతుంది, కడుక్కోవచ్చు, ఫిల్టర్లు మార్చుకుంటే చాలు.

అందరూ తప్పు చేసేది పెట్టుకోవడంలోనే. మాస్కు ఎంత మంచిదైనా అంచు దగ్గర సందుంటే గాలి అటునుంచే వస్తుంది. ఫిల్టర్‌లోంచి పీల్చడం కన్నా సందులోంచి పీల్చడం సులువు కదా. మాస్కు కప్పును గడ్డం కిందనుంచి ముఖానికి ఆనించండి. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. రెండూ మెడ మీదకే లాగితే మాస్కు జారుతుంది. ముక్కు మీది రేకును ఒక చేత్తో నొక్కకండి, మధ్యలో మడతపడి అక్కడే సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్లతో, మధ్యనుంచి పక్కలకు అదుముతూ రండి.

ఇప్పుడు పరీక్ష. రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల వైపు గాని, బుగ్గల పక్కన గాని గాలి తగిలితే మళ్లీ సర్దండి. ముందు ఊపిరి బయటికి వదిలే వాల్వు ఉన్న ఎన్95 అయితే అలాగే కప్పి గట్టిగా పీల్చండి, మాస్కు కొద్దిగా లోపలికి కుంచించుకోవాలి. పెట్టుకున్న ప్రతిసారీ ఇది చేయాల్సిందే. "పొద్దున చూశాను కదన్నా" అంటే నేను ఒప్పుకోను. సాయంత్రం మాస్కు తీశాక ముక్కు పక్కన తెల్లటి చార కనిపిస్తే, రోజంతా అక్కడినుంచే పీల్చినట్టు.

గడ్డం విషయంలో మొహమాటం వద్దు. రెండు రోజుల గరుకు గడ్డం ఉన్నా అంచు అతకదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు గీసుకోరు. "స్వామీ, ఈ మండలం కొలతలు, అతికించే పని మీవి, కోత వేరేవాళ్లకు" అని చెప్పేస్తాను. కోసే గదిలోకి కూడా రానివ్వను. కూలీ మాత్రం తగ్గించను.

ఇది దుమ్ము మాస్కు. థిన్నర్, పెయింటు ఆవిరిని ఆపదు. సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్లో అస్సలు పనికిరాదు, అది ఆక్సిజన్ ఇవ్వదు. అలాంటిచోట దీన్ని నమ్ముకుని దిగకండి.

తీసేటప్పుడు దుమ్ము లేనిచోటికి వచ్చి, ముందు కింది పట్టీ, తర్వాత పైది. ముందువైపు పట్టుకోకండి, దులపకండి. తడిసినా, నలిగినా, ఊపిరి బరువైనా పారేయండి. చొక్కాకు కంప్రెసర్ గాలి కొట్టుకోవద్దు. తడిగుడ్డతో తుడిచి, బట్టలు మార్చుకున్నాకే ఇంటికి బయల్దేరండి.